గురి తప్పని అస్త్రములు



రామాయణములోని దశరథమహారాజు వేట కథ ఎరుగని తెలుగు ఇల్లు ఉండదు. సరయూనదీ తీరమున చీకటిలో కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి, ఆ చప్పుడును బట్టియే ఆయన బాణము విడిచెను. బాణము గురి తప్పలేదు. కాని అక్కడ నుండినది ఏనుగు కాదు. అంధులైన తల్లిదండ్రులకు నీరు కొనిపోవ వచ్చిన మునికుమారుడు. రాజు విలువిద్యలో లోపమేమియు లేదు. ఏది ఏనుగో ఏది మనిషియో తెలిసికొనకుండ బాణము వేయుటలోనే లోపమంతయు నున్నది. నేటి యుద్ధములలో మిక్కిలి గిరాకీ గల ఒక వస్తువును గురించి నాలుగు మాటలు చెప్ప బూనినప్పుడు మాకు మొదట జ్ఞప్తికి వచ్చిన కథ ఇది.

ఆ వస్తువును పత్రికలవారు ప్రెసిషన్ గైడెడ్ ఆయుధమని వ్రాయుచుందురు. చేయి విడిచిన తరువాత కూడ తన దారిని తానే సరిదిద్దుకొనుచు, అనుకొన్న చోటనే పడు బాంబులు, క్షిపణులు, ఫిరంగి గుండ్లు ఈ కుటుంబములోనివి. చిన్న దేశమైనను పెద్ద దేశమైనను నేడు సైన్యాధిపతులు కోరు జాబితాలో ఇవి మొదటి వరుసలో నుండును. వీనికి ఇంత గిరాకీ ఏల కలిగెను? ఈ గిరాకీ వలన మేలెంత, కీడెంత? ఈ రెండు ప్రశ్నలకు మాకు తెలిసినంతలో సమాధానము చెప్ప యత్నింతుము.

గురి లేని కాలమును ముందుగా తలచుకొందము. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిష్ విమానములు రాత్రివేళ జర్మనీపై బాంబులు కురిపించుచుండెడివి. వైమానికులు తిరిగి వచ్చి, లక్ష్యమును కొట్టితిమని నిజముగనే నమ్మి చెప్పుచుండెడివారు. 1941లో బట్ అను ప్రభుత్వోద్యోగి ఆ విమానములు తీసిన వందలకొలది ఛాయాచిత్రములను పరిశీలించి లెక్క కట్టెను. కొట్టితిమని చెప్పిన విమానములలో మూడింట ఒకటి మాత్రమే లక్ష్యమునకు 5 మైళ్ళ లోపల చేరినట్లు తేలినది. 5 మైళ్ళనగా, విజయవాడపై వేయదలచిన బాంబు కృష్ణ దాటి మంగళగిరి దారిలో పడినట్లు. మరుసటి ఏడు నుండి నగరములపైననే బాంబులు వేయుట ఒక విధానముగా సాగినది. కర్మాగారమును కొట్టలేనివాడు దాని చుట్టునున్న ఊరిని కొట్టును. 1943లో హాంబర్గ్, 1945లో డ్రెస్డెన్ అట్లు మంటలలో కాలిపోయినవి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకొనవలసి యున్నది. ఒకే లక్ష్యముపై పలుమార్లు ప్రయోగించిన ఆయుధములలో సగము ఏ వలయము లోపల పడునో, ఆ వలయపు వ్యాసార్ధమే ఆ ఆయుధము గురికి కొలత. ఆ వ్యాసార్ధము 100 మీటర్ల నుండి 50 మీటర్లకు తగ్గినచో, ఒక చిన్న లక్ష్యమును కొట్టుటకు వలయు బాంబుల సంఖ్య సుమారు నాలుగవ వంతునకు దిగును. 10 మీటర్లకు తగ్గినచో నూరవ వంతునకు దిగును. గురి కుదరని లోటును పేలుడు బలముతో పూడ్చుకొనవలెనన్నచో, రెట్టింపు దూరమునకు ఎనిమిది రెట్లు మందుగుండు కావలెను. గురి పెరిగినచో బాంబులు తగ్గును. బాంబులు తగ్గినచో విమానములు తగ్గును. విమానములు తగ్గినచో శత్రువు ఫిరంగుల కెదురుగా పోవు వైమానికులు తగ్గుదురు. సైన్యముల కోరికకు మూలము ఈ లెక్కలోనే యున్నది.

బాంబునకు దారి చూపు యత్నము ఆ యుద్ధములోనే మొదలయ్యెను. 1943 సెప్టెంబరు 9న ఇటలీవారి రోమా అను యుద్ధనౌక మధ్యధరా సముద్రములో పోవుచుండెను. అంతకు ముందు దినముననే ఇటలీ యుద్ధవిరమణ ప్రకటించి యుండెను. మొన్నటి మిత్రులైన జర్మనులు ఆ నౌకపై ఫ్రిట్జ్ ఎక్స్ అను బాంబును ప్రయోగించిరి. దాని తోక చివర ఒక మంట వెలుగుచుండును. విమానములోని మనిషి ఆ వెలుగును కనిపెట్టి చూచుచు, రేడియో సంకేతములతో బాంబును కుడికి ఎడమకు త్రిప్పుచుండును. రోమా ముక్కలై మునిగెను. వెయ్యిమందికి పైగా నావికులు మరణించిరి. మనకు సంగీతమును, వార్తలను మోసికొనివచ్చు రేడియో తరంగమే అక్కడ బాంబు చుక్కానిని త్రిప్పినది.

తరువాతి పాఠము వియత్నాములో జరిగెను. హనోయికి దక్షిణమున థాన్ హోవా వద్ద సోంగ్ మా నదిపై ఒక ఇనుప వంతెన గలదు. ఉత్తర వియత్నాము సరకులు దక్షిణమునకు పోవుటకు అది గొంతుక వంటిది. 1965 ఏప్రిల్ 3న అమెరికా విమానములు పదులకొలదిగా వచ్చి బాంబులును క్షిపణులును ప్రయోగించినవి. వంతెన నిలిచి యుండెను. మరునాడు మరల వచ్చినవి. అప్పుడును నిలిచి యుండెను. ఏండ్ల తరబడి వందలకొలది దాడులు జరిగినవి. అనేక విమానములు కూలినవి. వియత్నామువారు ఆ వంతెనను డ్రాగన్ దవడ అని పిలుచుకొనిరి. కడకు 1972 మే 13న పదునాలుగు ఫాంటమ్ విమానములు లేజర్ బాంబులతో వచ్చి వంతెన భాగమును కూల్చివేసినవి.

ఈ లేజర్ బాంబు పని చేయు తీరు వినుట కష్టము కాదు. ఒకరు లక్ష్యముపై లేజర్ కిరణమును నిలిపి యుంచుదురు. అది కంటికి కనబడని టార్చిలైటు వంటిది. లక్ష్యముపై పడి చెదరిన ఆ కాంతిని బాంబు ముక్కునందలి గాజుకన్ను పట్టుకొనును. ఆ కన్ను నాలుగు భాగములుగా చేయబడి యుండును. నాలుగింటిపై కాంతి సమానముగా పడినచో దారి సరిగా నున్నట్లు. ఒక భాగముపై ఎక్కువైనచో దారి తప్పినట్లు. ఆ తేడాను బట్టి చిన్న రెక్కలు కదలి బాంబును మరల దారికి తెచ్చును. పాత బాంబునకే ముందు ఒక కన్నును, వెనుక రెక్కలను తగిలించిన చాలును. ఇంత చవుకగా ఇంత గురి దొరకుటతో సైన్యముల ఆలోచనయే మారిపోయెను.

ఐనను ఆ కన్నునకు మబ్బు, పొగ, దుమ్ము అడ్డుతగులును. 1991లో ఇరాకు యుద్ధమున ఈ చిక్కు బాగుగ తెలిసివచ్చినది. అందువలన ఉపగ్రహముల సాయము కోరవలసి వచ్చెను. ఆకాశములోని ఉపగ్రహములు తమ గడియారములు చూపు కాలమును ఎడతెగక ప్రసారము చేయుచుండును. నాలుగు ఉపగ్రహముల సంకేతములు తన్ను చేరుటకు పట్టిన కాలమును లెక్కించి, బాంబు తానెక్కడ నున్నదో తెలిసికొనును. చేరవలసిన చోటు అక్షాంశ రేఖాంశముల రూపమున ముందే దానికి చెప్పబడి యుండును. జేడామ్ అను తోకను తగిలించుకొన్న ఇట్టి బాంబులను 1999లో యుగోస్లావియాపై అమెరికావారు మొదటిసారి యుద్ధమున వాడిరి. మబ్బు దాని కడ్డు కాలేదు. అమెరికా విమానములు మొదలైనవి 1991లో వేసిన బాంబులలో గురి గలవి నూటికి పదింటికి లోపు. అదే ఇరాకుపై 2003లో వేసినవానిలో మూడింట రెండు వంతులు ఇట్టివే. ఆ చిత్రములను టెలివిజనులో చూచిన ప్రపంచ సైన్యములన్నియు తమకును అవి కావలెనని కోరుకొన్నవి.

కోరుకొనుట సులభము, సమకూర్చుకొనుట కష్టము. 2011లో లిబియాపై దాడి చేసిన ఐరోపా దేశములలో కొన్నింటికి కొలది వారములలోనే ఇట్టి బాంబులు కొరవడినవి. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు అమెరికా తన నిలువల నుండి జావెలిన్ అను ట్యాంకు విధ్వంసక క్షిపణులను వేలకొలదిగా పంపెను. అనేక సంవత్సరముల ఉత్పత్తి కొలది నెలలలో ఖర్చయ్యెను. ఆ వేసవిలో పంపబడిన హైమార్స్ రాకెట్లు ఖేర్సాన్ వద్ద నీపర్ నది వంతెనలను చిల్లులు చేసి, ఆయుధాగారములను పేల్చివేసినవి. నవంబరులో రష్యా సేనలు ఆ నగరమును విడిచి పోయినవి. దానితో గిరాకీ మరింత పెరిగెను. కాని కర్మాగారములకు తొందర తెలియదు. గాజుకన్నులు, సూక్ష్మ విద్యుత్ పరికరములు, ఘన ఇంధనము చేయు చోట్లు ప్రపంచములో బహుకొలది. చేయి తిరిగిన పనివానిని తయారు చేయుటకు ఏండ్లు పట్టును.

ఆ యుద్ధమే మరి రెండు పాఠములు చెప్పినది. ఉపగ్రహ సంకేతము మిక్కిలి బలహీనమైనది. రష్యావారు దానిని రేడియో రొదతో ముంచివేయగా ఉపగ్రహముల నమ్ముకొన్న ఆయుధములు పలుమార్లు దారి తప్పినవి. మన రేడియోలో ఒక స్టేషనుపై మరియొక స్టేషను వచ్చి పడినప్పుడు ఏమి జరుగునో అక్కడను అదియే జరిగినది. రెండవది, గురి గల ఆయుధములు ఎన్ని యున్నను మామూలు ఫిరంగి గుండ్ల అవసరము తీరలేదు. రోజుకు వేలకొలదిగా అవియును కావలసి వచ్చినవి. ఎర్ర సముద్రములో 2023 చివర నుండి మరియొక వింత కనబడెను. యెమెన్ నుండి వచ్చు చవుక డ్రోనులను కూల్చుటకు అమెరికా నౌకలు లక్షల డాలర్ల విలువ గల క్షిపణులను ఖర్చు చేయవలసి వచ్చెను. అస్త్రము గురి తప్పలేదు. ఖజానా లెక్క మాత్రము తప్పినది.

మన దేశమునకు ఈ విద్య విలువ 1999లో కార్గిల్ కొండలపై అర్థమైనది. శత్రువులు పదునారు వేల అడుగులకు మించిన శిఖరములపై రాతి బంకర్లలో నుండిరి. మన విమానములు ఆధీనరేఖను దాటరాదని ప్రభుత్వపు ఆజ్ఞ. మే 26న దాడులు మొదలైనవి. 27, 28 తేదీలలోనే రెండు యుద్ధవిమానములును ఒక హెలికాప్టరును పోగొట్టుకొంటిమి. ఆ ఎత్తులో గాలి పలుచన. మామూలు బాంబు కొలది గజములు తప్పినను లోయలోనికి జారిపోవును. అప్పుడు మిరాజ్ 2000 విమానములకు ఇజ్రాయెల్ నుండి తెచ్చిన లేజర్ పరికరమును అమర్చి, జూన్ 24న టైగర్‌హిల్‌పైనున్న శత్రువుల బంకర్లను కొట్టిరి. ఆ యుద్ధము మొత్తములో వాడిన లేజర్ బాంబులు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. ఐనను ఒక్క మాట మరువరాదు. జూలై 4న టైగర్‌హిల్ శిఖరముపై జెండా నిలిపినవారు రాత్రివేళ త్రాళ్ళు పట్టుకొని కొండ ఎక్కిన పదాతి సైనికులే. బాంబు వారికి దారి సుగమము చేసినది; కొండను గెలిచినది వారు.

ఈ కథలో మన హైదరాబాదునకు పెద్ద పాత్ర గలదు. 1970లో అక్కడ భారత్ డైనమిక్స్ సంస్థ నెలకొల్పబడెను. ఫ్రాన్సువారి నమూనాపై తీగతో నడపబడు ట్యాంకు విధ్వంసక క్షిపణిని చేయుటతో దాని పని ఆరంభమయ్యెను. క్షిపణి వెనుక సన్నని తీగ విప్పుకొనుచు పోవును; సైనికుడు కన్నార్పక చూచుచు ఆ తీగ ద్వారా దానిని నడుపును. 1983లో అబ్దుల్ కలాముగారి ఆధ్వర్యమున కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనాలయము కేంద్రముగా పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అను ఐదు క్షిపణుల పథకము మొదలయ్యెను. 1988 ఫిబ్రవరి 25న పృథ్వియు, 1989 మే 22న అగ్నియు ఎగిరినవి. 1987లోనే కొన్ని ధనిక దేశములు కూడి క్షిపణి విద్యను ఇతరులకు అందనీయరాదని కట్టుబాటు చేసికొనిరి. గురి చూపు గైరోస్కోపులు, కన్నులు, కంప్యూటర్లు బయట దొరకవు గనుక వానిని ఇక్కడనే చేయవలసి వచ్చెను. 1988లో వెలసిన ఇమారత్ పరిశోధనాలయపు పని ముఖ్యముగా ఇదియే. ఆ కట్టుబాటు చేసికొన్న కూటమిలో 2016లో మన దేశమునకే సభ్యత్వము లభించెను.

రష్యాతో కలసి నిర్మించిన బ్రహ్మోస్ క్షిపణి 2001 జూన్ 12న మొదటిసారి ఎగిరెను. బ్రహ్మపుత్ర, మాస్క్వా నదుల పేర్లు కలిపి దానికా పేరు పెట్టిరి. శబ్దముకంటె సుమారు మూడు రెట్ల వేగముతో అది పోవును. 2022 జనవరిలో ఫిలిప్పీన్స్ దేశము దానిని కొనుటకు ఒప్పందము చేసికొనెను. 2024 ఏప్రిల్‌లో మొదటి విడత చేరినది. ఒకప్పుడు ఇతరుల తలుపు తట్టిన దేశము నేడు ఇతరులకు అమ్ముచున్నదనుట గర్వింపదగిన సంగతియే. ఈ కర్మాగారముల ఆధారముతో బ్రదుకుచున్న కుటుంబములు హైదరాబాదు చుట్టుప్రక్కల అనేకము. వారి నైపుణ్యమును మేము తక్కువ చేయుట లేదు. కాని అమ్మినవానికి లాభముతోబాటు బాధ్యతయు వచ్చును. అది ఎవరి చేతిలో, ఎవరిపై, ఏ కారణమున పేలునో అను చింత తయారు చేసినవారికిని తప్పదు.

ఇక మొదట చెప్పిన కథకు వత్తము. 1991 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున బాగ్దాదులోని అమీరియా అనుచోట నున్న ఒక కాంక్రీటు ఆశ్రయముపై రెండు లేజర్ బాంబులు పడినవి. మొదటిది కప్పునకు రంధ్రము చేసెను. రెండవది ఆ రంధ్రము గుండ లోనికి దిగెను. ఇంతకంటె మంచి గురి ఉండదు. అది సైనిక కార్యాలయమని అమెరికావారు నమ్మిరి. లోపల నిద్రించుచుండినవారు సామాన్య ప్రజలు. నాలుగు వందల మందికి పైగా మరణించిరి, వారిలో స్త్రీలు, పిల్లలే ఎక్కువ. 1999 మే 7న బెల్‌గ్రేడులో ఐదు బాంబులు తమకు చెప్పిన అక్షాంశ రేఖాంశములకు సరిగా పోయి పడినవి. అది చైనా రాయబార కార్యాలయము. కొట్టదలచినది యుగోస్లావియా సైనిక సామగ్రి సంస్థ. దాని చోటును గుర్తించుటలో పొరపాటు జరిగెను. ముగ్గురు చైనా పత్రికారచయితలు బలియైరి. ఈ రెండుచోట్ల యంత్రము తన పని తాను సక్రమముగా నెరవేర్చినది. సమాచారము తప్పు.

అందువలన గురి రెండు విధములని మేము తలంతుము. బాణము అనుకొన్న చోట పడుట ఒకటి. అనుకొన్న చోటు సరియైనదగుట మరియొకటి. మొదటిదానిని డబ్బుతో కొనవచ్చును, కర్మాగారములో చేయవచ్చును. రెండవది అట్లు దొరకదు. దానికి నిజమైన వార్త, ఓపిక, అనుమానము తీరువరకు చేయి ఆపుకొను నిగ్రహము కావలెను. సైన్యములు మొదటిదానికై వేలకోట్లు వెచ్చించుచున్నవి. ఆ వేగమున రెండవదానిని పెంచుకొనుచున్నవా అన్నదే సందేహము.

2022 మార్చి 9న మన దేశము నుండి ఒక క్షిపణి పొరపాటున బయలుదేరి పాకిస్తానులోని మియా చన్నూ వద్ద పడెను. ప్రాణనష్టము కలుగలేదు. మన ప్రభుత్వము పొరపాటును ఒప్పుకొని విచారము వెలిబుచ్చి, విచారణ జరిపి, ఆగస్టులో ముగ్గురు వాయుసేనాధికారులను ఉద్యోగము నుండి తొలగించెను. రెండు దేశముల చేతను అణ్వాయుధములున్న చోట ఆ కొన్ని నిమిషములు ఎంత ప్రమాదకరమైనవో ఊహించుకొనవచ్చును. అశ్వత్థామకు అస్త్రము వేయుట తెలిసినది గాని త్రిప్పుకొనుట తెలియలేదని భారతకథ. దూరము నుండి, తనవారికి దెబ్బ తగులకుండ, ఇంత గురితో కొట్టవచ్చునను నమ్మకము పాలకుల చేయిని తొందరపెట్టును. 2025 మేలో మన దేశమునకు పాకిస్తానుతో జరిగిన నాలుగు దినముల పోరులో క్షిపణులు, డ్రోనులు ముందు నడచినవి. పదవ తేదీన కాల్పులు ఆగినవి. ఆగుట రెండు దేశముల సామాన్య ప్రజల పుణ్యము.

ఈ ఆయుధములు వలదని మేము చెప్పబోవుట లేదు. హాంబర్గు తగులబడిన తీరు తెలిసినవారెవ్వరును గురి లేని బాంబే మేలనరు. పొరుగున ఆయుధములుండగా మనము వట్టి చేతులతో నుండుటయు వివేకము కాదు. ఒక బంకరును కొట్టి ప్రక్కనున్న పల్లెను కాపాడగల ఆయుధము, తప్పనిసరియైన యుద్ధములో, ఒక దయయే. కాని రేపు ఏ దేశమువారైనను, ఏ రేడియోలోనైనను, లక్ష్యమును గురి తప్పక కొట్టితిమని ప్రకటించినప్పుడు, శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని కోరుచున్నాము. ఆ లక్ష్యము అదియేనని ఎవరు చూచిరి, ఎట్లు నిశ్చయించిరి? ఆ వేళ అక్కడ ఎవరెవరుండిరి? తరువాత పోయి నిజము తెలిసికొని చెప్పినవారున్నారా? ఈ ప్రశ్నలు అడుగు ప్రజలున్నచోట సైన్యమునకు కీడు లేదు, జాగ్రత్త పెరుగును.

దశరథుడు నీటి ఒడ్డునకు పరుగెత్తి పోయి, తాను చేసినదేమో తన కన్నులతో చూచెను. ఆ తల్లిదండ్రుల వద్దకు తానే పోయి నిజము చెప్పెను. వందల మైళ్ళ దూరము నుండి బాణము వేయు నేటి విలుకానికి ఆ అవసరము లేకుండ పోయినది. ఆ పని వాని బదులు మనమైనను చేయవలెనని మనవి చేసికొని, ఇంతటితో సెలవు తీసికొనుచున్నాము.